వారానికి తక్కువైతే ఇవ్వరట!

వేసవి దగ్గర పడుతోందంటే చాలు, నాకు ఇండియా నుంచీ అమెరికా నుంచీ ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "ఈసారి యూరప్ అనుకుంటున్నాం. మీరు ఫ్రాన్సులో ఏదో పల్లెటూరి ఇల్లు తీసుకుని ఉంటారు కదా, అలాంటిదొకటి చూసిపెట్టండి. రెండు రాత్రులకి చాలు." నేను నాలుగైదు లింకులు పంపిస్తాను. కాసేపటికి జవాబొస్తుంది: "ఇదేంటండీ, శనివారం నుంచి శనివారం దాకా తీసుకోవాలట! దుప్పట్లు మనమే తెచ్చుకోవాలట! వెళ్ళేటప్పుడు ఇల్లు తుడిచి వెళ్ళాలట! డబ్బులిచ్చి మరీ చాకిరీనా?"

చాకిరీ మాటెలా ఉన్నా, ఆ నియమాలు పొగరుతో పెట్టినవి కావు. ఆ ఇళ్ళలో ఉండటంలోని సుఖం చాలావరకు వాటి వల్లే వస్తుంది. ముఖ్యంగా ఆ వారం నియమాన్ని యజమానులు వదులుకోకూడదని నా వాదన. చదివాక మీరు కాదన్నా సరే, కనీసం బుక్ చేసేముందు ఏం కొంటున్నారో తెలుస్తుంది.

ఫ్రాన్సు పల్లెల్లో సెలవులకి అద్దెకిచ్చే ఇంటిని జీత్ అంటారు. రైతు ఇంటి పక్కనున్న పాత పశువుల కొట్టమో, ధాన్యం కొట్టో, తాతగారు పోయాక తాళం పడ్డ రెండు గదుల ఇల్లో అయ్యుంటుంది. దాన్ని బాగుచేసి, వంటగదీ స్నానాలగదీ పెట్టి, గిన్నెలూ చెంచాలూ సర్ది, తాళంచెవి మన చేతికిస్తారు. రిసెప్షన్ ఉండదు, కాఫీ తెచ్చిచ్చే కుర్రాడుండడు. ఆ వారం అది మన ఇల్లు, బాగోగులు మనవే.

ఇది దానంతటదే పుట్టిన పద్ధతి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సు పల్లెలు గబగబా ఖాళీ అయ్యాయి. ట్రాక్టర్లొచ్చాయి, పొలాల్లో మనుషుల అవసరం తగ్గింది, కుర్రకారు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి వెళ్ళిపోయింది. పల్లెలో ఇళ్ళు మిగిలాయిగానీ వాటిలో ఉండేవాళ్ళు మిగల్లేదు. అటు పట్నంలో కార్మికులకి 1936లోనే పాపులర్ ఫ్రంట్ అనే వామపక్ష కూటమి ప్రభుత్వం ఏడాదికి రెండు వారాల సెలవు జీతంతో సహా ఇప్పించింది. సెలవైతే ఉందిగానీ, పిల్లల్ని తీసుకెళ్ళి హోటల్లో పెట్టే స్తోమత లేదు. ఆల్ప్స్ కొండల్లోని బాస్ ఆల్ప్ జిల్లా సెనేటర్ ఎమిల్ ఒబేర్ ఈ రెంటికీ లంకె వేశాడు. రైతు ఖాళీ ఇల్లు బాగుచేసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి, ఊరు నిలబడుతుంది. పట్నం కుటుంబానికి తక్కువలో సెలవు గడుస్తుంది. 1951లో ఆ జిల్లాలోనే షొదోల్ అనే చిన్న పల్లెలో మొదటి జీత్ తెరిచారు. 1955లో ఈ ఇళ్ళ యజమానులందరికీ జీత్ ద ఫ్రాన్స్ అని ఒక జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఇప్పటికీ వాళ్ళు ఇళ్ళ స్థాయిని చెప్పడానికి నక్షత్రాలు కాకుండా గోధుమ కంకులు వేస్తారు, ఒకటి నుంచి ఐదు దాకా. నాకు చాలా ముచ్చటేస్తుంది ఆ కంకుల్ని చూస్తే.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఫ్రాన్సులో సెలవు వారాల లెక్కన పెరిగింది. 1956లో మూడో వారం, 1969లో నాలుగోది, 1982లో ఐదోది. సెలవే వారాల్లో వచ్చినప్పుడు ఇల్లు కూడా వారాల్లోనే ఇస్తారు. మనకి సెలవంటే శుక్రవారానికి ముందో సోమవారానికి వెనకో ఒక రోజు అతికించుకోవడం కాబట్టి ఈ లెక్క వింతగా కనిపిస్తుంది.

నేనుండేది దక్షిణ ఫ్రాన్సులోని తూలూజ్‌లో. అక్కడి నుంచి ఉత్తరానికి రెండు మూడు గంటలు కారులో వెళ్తే పెరిగోర్ ప్రాంతం, అంటే ఇప్పటి దొర్దోన్య్ జిల్లా. అమ్మా నాన్నగారూ వచ్చినప్పుడు వాళ్ళని తీసుకుని వెజేర్ నది లోయలో ఒక ఇంట్లో ఉన్నాం. తేనెరంగు సున్నపురాయి గోడలు, రెండడుగుల మందం. పక్కనున్న పాత కొట్టం మీద రాతిపలకల కప్పు. ఆ పలకలు చదరపు మీటరుకి అర టన్ను పైనే తూగుతాయి, అందుకే కింద దూలాలు మన గుళ్ళో ధ్వజస్తంభమంత లావున ఉంటాయి. ఇంటావిడ వాకిటికి అవతల ఇంట్లోనే ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు ఆవుల్ని పెంచేవారట, ఇప్పుడు వాల్‌నట్ తోట ఒక్కటే మిగిలింది.

శనివారం ఆవిడ ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే ఈ నియమాల గొడవ సగం తీరిపోతుంది. ఉదయం పదింటికి పాతవాళ్ళు ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుగింటికి కొత్తవాళ్ళు రావాలి. మధ్యలో ఉన్న ఆరు గంటల్లో ఆవిడ ఒక్కతే ఇల్లంతా చూసుకోవాలి. చేతిలో జాబితా పట్టుకుని చెంచాలు లెక్కపెడుతుంది. ఆ జాబితా గొప్ప కాగితం. కత్తులెన్ని, వైన్ గ్లాసులెన్ని, సలాడ్ ఆకుల్లో నీళ్ళు విదిలించే గిర్రటి డబ్బా ఒకటి, బిరడా తీసే సాధనం ఒకటి, నట్లు పగలగొట్టే కొయ్యసుత్తి ఒకటి. చేరిన రోజు మనమూ చూసుకుని సంతకం పెట్టాలి. తర్వాత పరుపు దులపాలి, ఫ్రిజ్ తుడవాలి, పొయ్యిలో బూడిద తీయాలి, గ్యాస్ బండ చూడాలి. వారానికొకసారి కాబట్టి ఆ వయసులో ఆవిడ చేయగలుగుతోంది. మనం అడిగినట్టు రెండేసి రాత్రులకి ఇస్తే ఇదే పని వారానికి మూడుసార్లు. అప్పుడు ఆవిడ వల్ల కాదు. పట్నం నుంచి క్లీనింగ్ కంపెనీ వ్యాను రావాలి, గోడకి నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళంచెవి డబ్బా రావాలి, ఆవిడ కొడుకో మనవడో ఎక్కడో కూర్చుని ఫోన్లో నడిపించాలి. ఇల్లు అదే ఉంటుందిగానీ ఆ ఇంటికి ఒక మనిషంటూ ఉండదు.

వెళ్ళేముందు మనం ఇల్లు ఊడ్చి, చెత్త పారేసి, గిన్నెలు కడిగి వెళ్ళాలన్నదీ అందుకే. ఓపిక లేదా, క్లీనింగుకి వేరే డబ్బు కడితే చాలు, చాలాచోట్ల ఆ వీలుంటుంది. దుప్పట్లు కూడా అంతే, అద్దెకిస్తారు. చెత్త మాత్రం ఇంటి ముందు పెడితే ఎవరూ తీసుకెళ్ళరు. ఊరి మొదట్లో పెద్ద డబ్బాలుంటాయి, కొన్నిచోట్ల కార్డు పెడితేనే తెరుచుకుంటాయి, సీసాలకి వేరే డబ్బా. బాత్రూంలో ఒక చీటీ అంటించి ఉంటుంది: ఈ ఇంటికి ఊరి డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే, అందులో ఏమీ వేయకండి, బ్లీచింగ్ పోయకండి అని. మా అమ్మ ఆ చీటీ నా చేత చదివించుకుని, "మన ఊళ్ళో అమ్మమ్మ చెప్పేది ఇదే కదా, దీనికి ఫ్రాన్సు దాకా రావాలా" అంది.

ఇల్లు వారానికే ఎందుకు తీసుకోవాలో ఇంటావిడ వైపు నుంచి చెప్పాను. మన వైపు నుంచి కూడా కారణముంది, నాకదే ముఖ్యం. ఫ్రాన్సు పల్లెలో మొదటి రెండు మూడు రోజులూ మనకి అన్నీ అడ్డంగానే తగులుతాయి. శనివారం సాయంత్రం దిగుతామా, ఆదివారం మధ్యాహ్నానికల్లా సూపర్ మార్కెట్ మూసేస్తారు. సోమవారం బేకరీకి వెళ్తే ఆ రోజు వాళ్ళకి సెలవు. మంగళవారం పన్నెండున్నరకి పోస్టాఫీసుకో మందులషాపుకో వెళ్తే తలుపు వేసి ఉంటుంది, భోజనాల వేళ. రెండింటికో రెండున్నరకో తీస్తారు. రెండు రాత్రుల కోసం వచ్చినవాళ్ళకి ఫ్రాన్సు పల్లె అంటే ఇంతే, వేసి ఉన్న తలుపులు. వెళ్ళి రివ్యూలో "అక్కడేమీ ఉండదు, చచ్చిన ఊరు" అని రాస్తారు. పాపం వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకి దొరికింది అదే మరి.

బుధవారం వచ్చేసరికి కథ మారుతుంది. ఆ ప్రాంతంలో ప్రతి ఊరికీ ఒక సంత రోజుంటుందని తెలిసిపోతుంది. మంగళవారం ల బ్యూగ్, బుధవారమూ శనివారమూ సార్లా, ఆదివారం సాన్ సిప్రియాన్. సార్లా ఊరి నడుమ పాత సెయింట్ మేరీ చర్చిని కూరగాయల మార్కెట్టుగా మార్చేశారు, దానికి ఆకాశమంత ఎత్తు ఇనుప తలుపులు పెట్టించినవాడు ఆ ప్రాంతంలోనే పెరిగి పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్టు జాన్ నూవెల్. మేకపాల జున్ను అర్ధరూపాయి బిళ్ళలా చిన్న చిన్న గుండ్రాలుగా అమ్ముతారు. స్ట్రాబెర్రీలు ఒక్క రోజు కూడా ఆగవు, అంత మెత్తన. సంతలో కొన్నది ఎన్ని రోజులకి వస్తుందో, బేకరీ మూసిన రోజున పక్క ఊళ్ళో ఎక్కడ బ్రెడ్డు దొరుకుతుందో తెలిసిపోయాక పన్నెండింటికి షాపు మూసేస్తే కోపం రాదు. మనమూ ఆ వేళకి ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాం.

అన్నం అన్నాను కాబట్టి తిండి మాట. పెరిగోర్ శాకాహారులకి సులువైన చోటు కాదు, ముందే చెప్తున్నాను. బాతు, బాతు కాలేయం, బాతు కొవ్వు. బంగాళాదుంపల వేపుడు కనిపించింది కదా అని సంబరపడకండి, సార్లా పేరు పెట్టుకున్న ఆ దుంపల వేపుడు సంప్రదాయంగా చేసేదే బాతు కొవ్వులో, వెల్లుల్లీ పార్స్‌లీ ఆకూ వేసి. అందుకే మనలాంటివాళ్ళకి హోటల్ కన్నా సొంత వంటగది ఉన్న ఇల్లే మేలు. మా అమ్మ మొదటి పూటే పప్పు వండింది. పోపులో ఆవాలు చిటపటమనీ ఎండుమిర్చి ఘాటెక్కీ పొగ లేచిందో లేదో, నెత్తిన కుయ్యిమని అలారం. ఫ్రాన్సులో 2015 నుంచి ప్రతి ఇంట్లోనూ పొగని పసిగట్టే డిటెక్టరు పెట్టుకోవాలని చట్టం. ఇంటావిడ తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మంట లేదు, మూకుడు ఉంది. ఆవిడ మూకుడులోకి తొంగిచూసి, వాసన చూసి, కిటికీ తెరిచి, పోపు వేసేటప్పుడు తలుపు వేసుకుని కిటికీ తీసుకోమని సైగలతో చెప్పి వెళ్ళింది. అమ్మ గిన్నెడు పప్పు పంపించింది. మర్నాడు ఆ గిన్నె నిండా ప్లమ్ పళ్ళతో తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె తిప్పి ఇవ్వకూడదన్నది అక్కడా ఉన్నట్టుంది.

కిటికీల గురించి మాత్రం ఇద్దరికీ పెద్ద పేచీయే నడిచింది. అమ్మకి పొద్దున్నే తలుపులన్నీ బార్లా తీసి పెట్టాలి, గాలి ఆడాలి. ఇంటావిడ తొమ్మిదింటికల్లా వాకిలి దాటుకుని వచ్చి చెక్క రెక్కలన్నీ బయటినుంచి మూసేసేది. ఆగస్టు ఎండ. "చీకటికొట్టులా ఉందే, ఇదేం సెలవు" అని అమ్మ సణుగుడు. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు మండుతుంటే ఆ లావు గోడల మధ్య మధ్యాహ్నం పలచటి దుప్పటి కప్పుకుని నిద్రపోయాక సణుగుడు ఆగింది. ఏసీ లేదు, ఫ్యానూ లేదు. రాత్రి చల్లబడ్డాక రెక్కలు తీస్తారు, పొద్దునకి గోడలు ఆ చల్లదనాన్ని పట్టుకుని ఉంటాయి, ఎండెక్కేలోపు మూసేస్తారు. దీనికి రెండు మూడు రోజులు అక్కడ ఉండి అలవాటు పడాలి.

నాన్నగారి సంగతి వేరు. ఆయనది కోనసీమలో మోరి పక్క ఊరు, జీడిపప్పు వ్యవహారం చిన్నప్పటి నుంచీ ఎరుగుదురు. మొదటి రెండు రోజులూ ఆయన వరండాలో కూర్చుని ఫోను చూసుకున్నారు. వారం సగం గడిచాక ఒక సాయంత్రం ఇంటావిడ కిందటేటి వాల్‌నట్లు బుట్టెడు తెచ్చుకుని, నున్నటి రాయి ముందు పెట్టుకుని, కొయ్యసుత్తితో కొట్టడం మొదలుపెట్టింది. పూర్వం ఆ ఊళ్ళలో చలికాలం రాత్రులు ఆడవాళ్ళంతా పొయ్యి దగ్గర చేరి చేసే పని అది. నాన్నగారు వెళ్ళి ఎదురుగా కూర్చున్నారు. కాయని నిలువుగా పెట్టి, మొన మీద ఒక్క దెబ్బ, గట్టిగా కాదు. పెంకు రెండుగా విచ్చుకుని పప్పు చెక్కు చెదరకుండా బయటికి రావాలి. ఆయన కొట్టిన మొదటి నాలుగైదూ నుగ్గయ్యాయి. "నిండు పప్పుకి ఒక రేటు, ముక్కకి ఒక రేటు, అవునా అడుగు" అన్నారు నాతో. అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయి, అవును, సగం సగంగా నిండుగా వచ్చినవి మిఠాయి దుకాణాలకి, ముక్కలు నూనె మిల్లుకి అంది. ఇక నేను దుబాసీగా నలిగిపోయాను. ఎకరానికి ఎన్ని చెట్లు, ఎన్నేళ్ళకి కాపు, పచ్చిగా ఎంత, ఎండబెడితే ఎంత తరుగు, దళారీ ఎంత తింటాడు. చీకటి పడే దాకా సాగింది. పెరిగోర్ వాల్‌నట్‌కి 2002లోనే ప్రాంతీయ గుర్తింపు వచ్చిందని ఆవిడ గర్వంగా చెప్తే, "గుర్తింపు సరే, రేటు పెరిగిందా" అని నాన్నగారు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఈ సంభాషణ శనివారం ఆవిడ పరుపులు దులిపేటప్పుడు జరగదు. ఆదివారం మనకి బ్రెడ్డు దొరకని చిరాకులో జరగదు. మధ్యలో కొన్ని ఉత్త రోజులు గడవాలి. ప్యాకేజీ టూర్లలో ఉండనిది ఆ ఉత్త రోజులే.

దగ్గరలో చూడాల్సినవి లేవని కాదు. 1940లో కుర్రాళ్ళు కనిపెట్టిన, ఆదిమానవులు గీసిన బొమ్మలున్న లాస్కో గుహ అక్కడే మోంతిన్యాక్ దగ్గరుంది. అసలు గుహని 1963లోనే జనానికి మూసేశారు. వేలాదిమంది వచ్చి లోపల ఊపిరి వదిలేసరికి గోడల మీద పాచి పట్టి బొమ్మలు పాడవుతున్నాయని తేలింది. ఇప్పుడు చూపించేది 2016లో తెరిచిన నమూనా, చాలా గొప్పగా చేశారు, ఒక పూటలో చూసేయొచ్చు.

ఇక నా వాదనకి వచ్చే అభ్యంతరాలు. మొదటిది సెలవు. అమెరికాలో ఉన్న మా కజిన్‌కి ఏడాదికి దొరికేదే రెండు వారాలు, అందులో అమ్మా నాన్నల్ని ఈఫిల్ టవరూ స్విట్జర్లాండ్ మంచూ చూపించకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు. న్యాయమే. అతనికి జీత్ వద్దు. పల్లెలో రెండు రాత్రులే ఉండాలనుకునేవాళ్ళకి ఫ్రాన్సులోనే వేరే ఏర్పాటుంది: షాంబ్ర్ దోత్. యజమాని తన సొంత ఇంట్లోనే గది ఇచ్చి పొద్దున టిఫిను పెడతాడు. చట్టప్రకారం ఐదు గదులు, పదిహేనుమంది మించకూడదు. రాత్రి లెక్కన ఇస్తారు, దుప్పట్లూ వాళ్ళవే, కొందరు ముందే చెప్తే రాత్రి భోజనం కూడా పెడతారు. రెండు రాత్రులకి అది వెతుక్కోండి, జీత్ యజమానితో బేరమాడకండి.

రెండోది కారు. కారు లేకపోతే ఈ ఇళ్ళకి వెళ్ళనే కూడదు, ఇందులో వాదన లేదు. ఇండియా లైసెన్సుతో వచ్చేవాళ్ళు ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవాలి. చిన్న రోడ్ల మీద 2018 నుంచి సాధారణంగా గంటకి 80 కిలోమీటర్లే, కొన్ని జిల్లాలు మళ్ళీ 90కి మార్చాయి. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి, అది సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే. మనవాళ్ళకి ఇదే పెద్ద టెన్షన్.

మూడోది నిజంగా బలమైనది. అందరూ శనివారమే దిగి శనివారమే బయల్దేరితే రోడ్లేమవుతాయి? జూలై ఆఖరులో, ఆగస్టు మొదట్లో ఫ్రాన్సు హైవేల మీద శనివారాలు నరకం. ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పే బిజాన్ ఫ్యూతే అనే సర్కారీ సర్వీసు 1976 నుంచీ ఉంది. అది రోజులకి రంగులు వేస్తుంది, ఆ శనివారాలకి నలుపు. దేశం మొత్తమ్మీద జాములన్నీ కలిపితే వెయ్యి కిలోమీటర్లు దాటిన రోజులున్నాయి. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒక సవరణ మాత్రం ఉంది: వారం ఉంచండి, శనివారాన్ని వదిలేయండి. బుధవారం నుంచి బుధవారం ఇస్తే ఎవరి సొమ్మూ పోదు. కొందరు యజమానులు ఇప్పటికే అలా చేస్తున్నారు.

ఇంతకన్నా లోతైన గొడవ ఇంకోటుంది. సెలవులకొచ్చేవాళ్ళే పల్లెల్ని చంపుతున్నారన్నది. ఫ్రాన్సులో ప్రతి పది ఇళ్ళలో దాదాపు ఒకటి ఎవరో ఒకరి రెండో ఇల్లు. దొర్దోన్య్‌లోనైతే ఇంగ్లీషువాళ్ళు కొనుక్కున్నవి కొల్లలు. చలికాలం ఆ ఊళ్ళలో నడిస్తే మూసిన రెక్కలే ఎక్కువ, బడిలో పిల్లలుండరు, డాక్టరు అపాయింట్‌మెంటుకి వారాలు ఆగాలి. అద్దె ఇల్లు కావలసిన అక్కడి కుర్ర జంటకి ఇల్లు దొరకదు, యజమానికి టూరిస్టు దగ్గర ఎక్కువ డబ్బొస్తుంది కనక. ఇది చూసే 2024 నవంబరులో కొత్త చట్టం తెచ్చారు. సర్కారు స్థాయి వర్గీకరణ పొందిన సెలవుల అద్దె ఇళ్ళ ఆదాయంలో అప్పటిదాకా 71 శాతం ఖర్చుల కింద తీసేసి మిగతాదానికి పన్ను వేసేవారు, దాన్ని 50కి తగ్గించారు. వర్గీకరణ లేనివాటికి 30. మేమూ ఎయిర్‌బీఎన్‌బీ ఫ్లాట్లవాళ్ళూ ఒకటేనా అని పల్లెల్లోని యజమానులు గోల పెట్టారు.

నాకు వాళ్ళ గోలలో న్యాయం కనిపిస్తుంది. వాకిటికి అవతల తనే ఉంటూ పనికిరాని కొట్టాన్ని ఇల్లుగా మార్చినామె ఎవరి ఇంటినీ లాక్కోలేదు. పట్నంలో కూర్చుని నాలుగు ఇళ్ళు కొని తాళాల డబ్బాలు పెట్టినవాడు వేరు. కానీ పన్ను కాగితం మీద ఇద్దరినీ వేరుచేయడం కష్టమే. ఆ ఇంటి యజమాని ఆ ఊళ్ళోనే ఉంటాడా, వారానికి తక్కువ ఇస్తాడా అని చూడటమే నాకు తోచిన మార్గం. వారం నియమం వదిలేసిన ఇల్లు మెల్లగా రెండో రకంలోకే జారుతుంది.

వచ్చేవాళ్ళకీ బాధ్యత ఉంది. ఒలెరోన్ దీవిలో మోరిస్ అనే కోడిపుంజు పొద్దున్నే కూస్తోందని, సెలవులకొచ్చే పక్కింటివాళ్ళు కోర్టుకెక్కారు. 2019లో పుంజే గెలిచింది. మా దొర్దోన్య్‌లోనే గ్రిన్యోల్ అనే ఊళ్ళో కప్పలు ఓడిపోయాయి. పొరుగువాళ్ళు అరుపులు భరించలేమంటే కుంట పూడ్చేయమని కోర్టు చెప్పింది, 2017లో పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. చివరికి 2021 జనవరిలో పల్లెల శబ్దాలూ వాసనలూ కూడా వారసత్వమేనని పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. పేడ వాసన రాకూడదు, గుడి గంట మోగకూడదు, కానీ పల్లెటూరు కావాలి అనేవాళ్ళ కోసం పార్లమెంటు ఇంత పని పెట్టుకుంది.

మన దగ్గర కూడా ఇది మొదలైంది, అందుకే ఇంత రాస్తున్నాను. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు ఫామ్‌హౌసులు గంటల లెక్కన, ఒక్కరాత్రి లెక్కన ఇస్తున్నారు. స్విమ్మింగ్ పూలు, స్పీకర్లు, పొద్దున్నే ఖాళీ. పక్క పొలం ఎవరిదో, ఏం పండుతుందో వచ్చినవాళ్ళకి తెలీదు, తెలుసుకునే టైమూ ఉండదు. ఊరికి మిగిలేది సీసాలు.

తూలూజ్ తిరిగొచ్చాక నాన్నగారికి ఒక ఆలోచన పుట్టింది. ఊళ్ళో మా తాతగారి పెంకుటిల్లు తాళం వేసి ఉంది. ఎదురింట్లోనే మా బాబాయి కొడుకు ఉంటాడు. దాన్ని బాగుచేసి ఇలా ఇస్తే ఎలా ఉంటుందని ఫోన్ చేసి అడిగారు. వాడు ఎగిరి గంతేశాడు. లాగౌట్ అయ్యే శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఇద్దాం, పెరట్లో చిన్న పూల్ కట్టిద్దాం అన్నాడు. వద్దురా, వారానికైతేనే ఇద్దాం, గిన్నెలూ గ్యాసూ పెట్టి తాళం చేతికిద్దాం, కొబ్బరి దింపేటప్పుడు, జీడిగింజ కొట్టేటప్పుడు వాళ్ళని కూడా రమ్మందాం అన్నాను నేను. "వారం రోజులు ఎవడుంటాడక్కా ఇక్కడ? ఏముందని?" అని వాడి ప్రశ్న. సంక్రాంతికి కోనసీమలో లాడ్జి గది దొరకడమే గగనం కదా, భోగికి రెండ్రోజుల ముందు మొదలుపెట్టి వారం లెక్కన ఒక్కసారి ఇచ్చి చూడు, ఎవరూ రాకపోతే నీ పూల్ ఖర్చులో సగం నాది అన్నాను. బావి మోటారూ బాత్రూమూ అయితే బాగుచేయిస్తున్నాడు. పూల్ సంగతి ఇంకా తేలలేదు.